మంచుకుక్కకు గొంగడి

ఆయన పోయాడన్న సంగతి నాకు ఆటో నడిపే మనిషి చెప్పాడు. వికారాబాద్ బస్టాండు దగ్గర నాది పశువుల మందుల దుకాణం. ఆ పొద్దున గొర్రెల నట్టల మందు డబ్బాలు అరల్లో సర్దుతున్నాను. ఆటో అతను రోడ్డు మీంచే తల బయటపెట్టి, "సేటూ, గా కుక్కల కాక పోయిండంట గద" అన్నాడు. "అవునా" అన్నాను. చేతిలో ఉన్న డబ్బా పై అరలో పెట్టాను. తర్వాత ఇంకో డబ్బా పెట్టాను. అన్నీ సర్దడం అయిపోయాక కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. ఇడ్లీ తెప్పించుకుని తిన్నాను.

కౌంటర్ కింద అరలో ఒక ఇనుప దువ్వెన ఉంది. ఆయన తెప్పించమంటే తెప్పించిందే. దాన్ని ఏం చేయాలో తోచక అక్కడే ఉండనిచ్చాను.

ఆయనను మొదట చూసింది రైల్లో. నా ఇల్లు తాండూరులో. రోజూ పొద్దున రైలెక్కి వికారాబాద్ వస్తాను, సాయంత్రం వెళతాను. ఆయనది పెద్దేముల్ మండలంలో ఒక ఊరు. షేర్ ఆటోలో తాండూరు దాకా వచ్చి నా రైలే ఎక్కేవాడు. ఎండైనా వానైనా భుజం మీద నల్లటి గొంగడి ఉండాల్సిందే. మొదటి రోజు నా పక్కన కూర్చుని, మాటైనా కలపకుండా, నా చొక్కా చెయ్యి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూశాడు. "గిది నూలు గాదు, ప్లాస్టిక్" అన్నాడు. ముక్కూ ముఖం తెలియని మనిషి నా చొక్కాకు వంక పెడితే నాకు ఒళ్ళు మండింది. అడుగుదామని తిరిగేసరికి ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నన్ను అప్పుడే మరిచిపోయినట్టు.

అది ఆయన అలవాటని తర్వాత తెలిసింది. గొర్రెలు కాసుకుని, ఉన్ని కత్తిరించి, గొంగళ్ళు నేసుకుని బతికిన ఇంట్లో పుట్టాడు. ఉన్ని మంచీ చెడ్డా వేళ్ళతో చూసి చూసి, లోకంలో దేన్నైనా నలిపితేగానీ నమ్మేవాడు కాదు. కట్టు కట్టే దూది, నా దుకాణం పరదా, నేను కొత్తగా కొన్న శాలువా. ఒకసారి టీసీ నల్లకోటు కొస కూడా పట్టుకున్నాడు. టికెట్ ఉంది కాబట్టి బతికిపోయాడు.

ఎక్కడికి వెళుతున్నావు కాకా అని అడిగితే, "కుక్కలు కాయనీకె" అన్నాడు.

గొర్రెలు కాసేవాళ్ళను చూశాను, బర్రెలు కాసేవాళ్ళను చూశాను. కుక్కలను కాయడమేమిటని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాలుగున్నయి. మంచు దేశంవి. గొర్రెలకున్నంత బొచ్చు. మొరగమంటె మొరగవు, మూతి పైకెత్తి ఏడుస్తయి. గా బొచ్చుతోటి గీ ఎండల ఎట్ల బతుకుతయో ఏమో, నాకు అదే ఫికర్" అన్నాడు.

మోమిన్‌పేట్ దారిలో హైదరాబాద్ ఆయన ఒకరు ఫాంహౌస్ కట్టుకున్నాడు. కాక ఆయనను ఫారం సారు అనేవాడు. ఎక్కడో చలి దేశంలో కుక్కలు బండి లాగే పందెం ఫారం సారు ఫోన్‌లో చూశాడట. మంచు మీద జారే చక్రాల్లేని బండి, దాని ముందు జతలు జతలుగా కుక్కలు, వెనక నిలబడ్డ ఒకే ఒక్క మనిషి. అట్లా రోజుల తరబడి, మనిషన్నవాడు కనబడని చోట, వందల మైళ్ళు. సారుకు నచ్చింది. నచ్చితే చూసి ఊరుకోవచ్చు కదా. నాలుగు హస్కీ కుక్కలను కొన్నాడు, రబ్బరు చక్రాల బండి చేయించాడు, శనాదివారాలు వచ్చే చుట్టాలను తోట చుట్టూ తిప్పి ఫొటోలు తీయిద్దామనుకున్నాడు. తోచకపోతే పెద్దవాళ్ళకు ఏమేం తోస్తాయో మా వికారాబాద్ చుట్టూ ఉన్న ఫాంహౌసులు చూస్తే తెలుస్తుంది. కుక్కలను చూసుకోవడానికి మనిషి కావాలంటే, గొర్రెలు కాసినవాడికి కుక్కలొక లెక్కా అని ఎవరో ఈయనను పెట్టించారు.

నేర్చుకొమ్మని సారు ఆ పందెం వీడియోలు ఈయన ఫోన్‌లో కూడా ఎక్కించాడు. రైల్లో నాకు అవే చూపించేవాడు. వాళ్ళ మాట అర్థం కాదు కాబట్టి చప్పుడు పూర్తిగా తగ్గించేవాడు. ఎవరు గెలిచారో ఆయనకు అక్కర్లేదు. బండి ఆగే చోటు కోసం వేలితో ముందుకీ వెనక్కీ జరిపి, దొరకగానే నా మోకాలి మీద కొట్టేవాడు.

"గీడ సూడు సేటు."

ఆ పందెం మనిషి గడ్డానికి మంచు పేరుకుని ఉంటుంది. నిద్రలేక తూలుతుంటాడు. అయినా ముందు గడ్డి పరుస్తాడు. కుక్కల పాదాలకు తొడిగిన గుడ్డ మేజోళ్ళు ఒక్కొక్కటే విప్పుతాడు. వేళ్ళ సందులు విప్పి చూసి ఏదో పూస్తాడు. మంచు కరగబెట్టి వాటికి కూడు వండుతాడు. అవి తిని, ముడుచుకుని, తోక ముక్కు మీద వేసుకుని పడుకున్నాక అప్పుడు తన మూట విప్పుకుంటాడు.

"మావోడే" అనేవాడు కాక. "గీడు మావోడే సేటు. రంగొక్కటే మారింది."

నాలుగింటిలో నీలి అంటే ఆయనకు పాయిరం. ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమరంగు ఉన్న ఆడకుక్క. సారు పెట్టిన ఇంగ్లీషు పేరు ఈయన నోటికి తిరగలేదు, తిప్పుకుందామని కూడా చూడలేదు. పందెంలో తోలేవాడి మాట వినేది ముందున్న కుక్క, మిగతావి దాని వెంట పోతాయి. "మందల గూడ గంతే. ముందు నడిచేదాన్ని మంచి చేసుకుంటె చాలు" అని నీలిని ముందు కట్టాడు. మెడకు గొర్రెల గంట వేశాడు. అటు తిరుగు, ఇటు తిరుగు అని చెప్పడానికి నాగలి ఎద్దుల మాటలే వాడాడు, దాపట, ఎలపట అని. ఆగమనాలంటే నాలుకతో టక్కుమనేవాడు. ఎక్కడో మంచు దేశపు జాతి, పెద్దేముల్ ఎద్దులకు చెప్పినట్టు చెబితే విని తిరిగేది.

ఒక డిసెంబరు పొద్దున మోమిన్‌పేట్ దగ్గర కోళ్ళ షెడ్డుకు మందులివ్వడానికి ఆటోలో పోతున్నాను. పొగమంచు రోడ్డు మీదికి దిగింది. గంట చప్పుడు వినబడితే గొర్రెల మంద వస్తోందనుకుని ఆటో అతను పక్కకు ఆపాడు. పొగలోంచి ముందు నీలి ముఖం వచ్చింది, నాలుక బయటపెట్టి, చెవులు వెనక్కి పెట్టి. తర్వాత తక్కిన మూడు. తర్వాత బండి, బండి మీద తల దాకా గొంగడి కప్పుకుని నిలబడ్డ కాక.

"ఓర్నీ" అన్నాడు ఆటో అతను.

నన్ను చూసి కాక నాలుక టక్కుమనిపించాడు. నాలుగూ ఆగాయి. వాటి ఒంటి మీంచి ఆవిర్లు వస్తున్నాయి.

"ఏడికి కాకా, గేటు దాటి?"

"గేటు లోపల ఎంతసేపని గిర్రున తిరుగుతయి సేటు? గవి దినాలకు దినాలు ఉరికే జాతి. జర మోమిన్‌పేట్ దాక సూపిచ్చుకొస్త."

"సారుకు తెలుసా?"

"సారును ముందు నిద్ర లేవనియ్యి."

బండి దిగి ఒక్కొక్క కుక్క పాదం ఎత్తి, వేళ్ళ సందుల్లో రాయి ఉందా, కోసుకుందా అని చూశాడు, అచ్చం ఆ వీడియోలో మనిషిలాగే. నీలి ఆయన కాలికి ఒరిగి నిలబడింది. అంతా చూసుకుని మళ్ళీ బండెక్కి ఏదో అన్నాడు. తాళ్ళు బిగిసాయి, నాలుగూ పొగలో కలిసిపోయాయి. గంట మాత్రం చాలాసేపు వినబడింది. కాక సంతోషం ముఖంలో నాకు కనబడ్డ రోజు అదొక్కటే. తక్కిన రోజులు దిగులుగా ఉండేవాడని కాదు. ముఖం చూసి ఏదీ చెప్పలేని మనిషి.

మరుసటి ఏడు సారుకు గుర్రాల మీద మోజు పుట్టింది. కుక్కల బండి షెడ్డులో పడింది. కుక్కల గదిలో కూలర్ కాలిపోతే ఎవరూ బాగుచేయించలేదు. ఎండలు మొదలయ్యాయి. కాక తాండూరు నుంచి నాపరాళ్ళు తెప్పించి చెట్టు కింద పరిచి, గంటకోసారి నీళ్ళు పోసి వాటి మీద పడుకోబెట్టాడు. అయినా అవి పొద్దస్తమానం రొప్పుతూనే ఉన్నాయట. ఈ ఎండాకాలం నీలి దాటుతుందా అని రైల్లో రోజూ అదే మాట. చివరికి తనకు తెలిసిన పనే చేశాడు.

ఎండలు ముదరకముందే గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన కత్తెరకు పేరుండేది. గాటు పడకుండా, గొర్రె బెదరకుండా తీసేవాడట. నీలితో మొదలుపెట్టాడు, దాని మీదే ఎక్కువ పాయిరం కాబట్టి. గొర్రెలకు కట్టినట్టు కాళ్ళు కట్టాల్సిన పని కూడా పడలేదట. తల ఆయన తొడ మీద పెట్టుకుని పడుకుందట. ఆ సాయంత్రం రైల్లో ఒక సంచి విప్పి నాకు ఆ బొచ్చు చూపించాడు.

"జర పానం సల్లవడ్డది దానికి. వచ్చే వారం తక్కినయి గూడ తీస్త" అన్నాడు. ఆ రోజు మా ఎదురు సీటు ఆవిడ చీర అంచు కూడా నలిపి చూసి తిట్లు తిన్నాడు. అంత హుషారుగా ఉన్నాడు.

రెండు రోజులకే నీలిని ఆటోలో వేసుకుని వికారాబాద్ పశువుల దవాఖానకు వచ్చాడు. కబురు తెలిసి నేనూ వెళ్ళాను. కుక్క వీపంతా ఎర్రగా కాలి బొబ్బలు లేచింది. నాలుక వేలాడుతోంది, కళ్ళు నిలబడటం లేదు. డాక్టరమ్మ ఒకచేత్తో సెలైన్ ఎక్కిస్తూనే గట్టిగా అడిగింది.

"ఎవరు కత్తిరించారు దీన్ని?"

"నేనే అమ్మా."

"ఎందుకు?"

"ఎండకు. గొర్రెలకు తీస్తం గద..."

"ఇది గొర్రెనా? దీని బొచ్చు దుప్పటి కాదయ్యా, గొడుగు. చలినెట్లా ఆపుతుందో ఎండనూ అట్లాగే ఆపుతుంది. ఎండలు వచ్చేముందు లోపలి మెత్తటి బొచ్చు అదే రాలుస్తుంది, మనం దువ్వితే చాలు. నువ్వు గొడుగు లాక్కుని ఎండలో నిలబెట్టావు."

కాక కుక్క కాళ్ళ దగ్గర నిలబడి విన్నాడు. "బొచ్చు మల్ల వస్తదా?" అన్నాడు.

"రావచ్చు. కొన్నింటికి ఏడాది పడుతుంది. కొన్నింటికి ఎప్పటికీ సరిగ్గా రాదు."

పూత మందు కోసం నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. దేన్నీ నలిపి చూడలేదు. రెండు చేతులూ తొడల మీద వెల్లకిలా పెట్టుకుని, "మస్తు పాపం జేసిన సేటు. గీ చేతులతోనే" అన్నాడు. నేను మందు ఇచ్చి, రోజుకు ఎన్నిసార్లు రాయాలో చెప్పాను.

నీలి ఆ ఎండాకాలం బతికింది. ఎట్లా బతికించాడో వాళ్ళ ఊళ్ళో అందరూ చెబుతారు. ఫారం సారు తక్కిన మూడింటినీ ఎవరికో ఇచ్చేశాడు. కాలిన వీపుతో ఉన్న కుక్కను ఎవరు తీసుకుంటారు? దాన్ని కాక తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లో బండల మీద తడి గోనెపట్టా, దాని మీద నీలి, పక్కన విసనకర్రతో ఈయన. కత్తెర దూలానికి చెక్కేశాడు. కత్తిరింపుల కాలం వచ్చి ఎవరైనా పిలిస్తే, "వేరేటోల్లను సూసుకోండ్రి" అన్నాడట. మళ్ళీ ఏ గొర్రె మీదా ఆయన కత్తెర పడలేదు.

వారానికోసారి మందుకు వచ్చేవాడు. "ఎట్లుంది కాకా?" అంటే ముందు వేళ్ళతోనే చెప్పేవాడు. బొటనవేలూ చూపుడువేలూ గాలిలో నలిపి చూపించేవాడు.

"మెత్తది ఇంక వేళ్ళకు తాకుతలేదు."

పైపైన గరుకు వెంట్రుకలు అక్కడక్కడ వచ్చాయి. చలిని ఆపే లోపలి మెత్తటి బొచ్చే రాలేదు. వానాకాలం పోయింది. దసరాకు వచ్చి దువ్వెన తెప్పించమన్నాడు.

"రానియ్యి కాకా. బొచ్చు వచ్చినంక తెప్పిస్త" అన్నాను.

"నువ్వు దువ్వెన తెప్పియ్యి. అదొస్తది."

హైదరాబాద్ నుంచి తెప్పించాను. పళ్ళను అరచేతి మీద గీసి చూసుకున్నాడు. మంచిగుందన్నాడు. మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. "ఈడనే ఉండనియ్యి. ఇంట్ల ఉంటె ఊకె దువ్వబుద్ధయితది."

చలి ముదిరాక పెద్దేముల్ వైపు పని పడి వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద నీలి ఉంది, ఒంటి మీద కాక నల్ల గొంగడి. గొంగడి కింద వణుకుతోంది. మంచులో నిద్రపోయే జాతి, మా పెద్దేముల్ చలికి వణకడం చూసి నాకు నవ్వూ రాలేదు, ఇంకేదీ రాలేదు. కాక తలకు తువ్వాలు చుట్టుకుని, పల్చటి అంగీతో పక్కన కూర్చున్నాడు. ఆ గొంగడి లేకుండా ఆయనను చూడటం నాకు అదే మొదలు. భుజాలు ఇంత చిన్నవా అనిపించింది.

ఆయన భార్య గుమ్మంలో కూర్చుని ఉన్ని వడుకుతోంది. "చెప్పు సేటు, నువ్వన్న చెప్పు. నిండు సలిల ముసలోడు ఉత్తగ కూసుంటడు, కుక్కకు గొంగడి కప్పుతడు" అంది.

"నాకు బీడీ ఉన్నది" అన్నాడు కాక.

"గా కత్తిరిచ్చిన బొచ్చు ఇంక సంచిలనే దాసిండు సేటు. వడికి సూసిన. తునకలు తునకలు. నూలుకు వస్తలేదు. పారెయ్యమంటె పారెయ్యడు."

కాక ఫోన్ తీసి నాకు చూపించాడు. పందెం కుక్కలు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి మీద మంచు కురిసి పేరుకుంది. ఒకటి లేచి దులుపుకుని మళ్ళీ పడుకుంది.

"మీద మంచు పడ్డ సోయి లేదు సూడు. లోపల గంత వెచ్చగ ఉంటదన్నట్టు. గసొంటిదాన్ని నేను గిట్ల జేసిన" అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి గొంగడి కిందికి చెయ్యి పోనిచ్చి వీపు తడిమాడు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

సంక్రాంతి వెళ్ళిన వారంలోనే పోయాడు. చలికి పోయాడన్నవాళ్ళున్నారు, గుండె ఆగిందన్నవాళ్ళున్నారు. ఇడ్లీ తిన్నాక దుకాణం మూసి వెళ్ళాను. వాళ్ళింట్లో మగమనిషి పోతే పాడె మీద అతని గొంగడి కప్పాలట. కాక అన్నగారు వెతికితే అది అరుగు మీద కుక్క ఒంటి మీద ఉంది. తీయబోయాడు. అప్పటిదాకా ఏడుస్తున్న కాక భార్య లేచి వచ్చింది.

"ముట్టకు బావా. ఆయన చేతులతోటి కప్పిండు. దానికే ఉండనియ్యి."

పెద్దవాళ్ళు గొణిగారు. చివరికి తెల్లగుడ్డ ఒక్కటే కప్పి తీసుకుపోయారు. నేను అందరితో నడిచాను, అందరితో తిరిగి వచ్చాను. తాండూరులో ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకుంటే నిద్ర పట్టింది. ఇంత తెలిసిన మనిషి పోతే నాకేం అనిపించదేమిటని మరునాడు రైల్లో ఆలోచించాను. ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు, ఫోన్ చూసుకున్నారు, దిగిపోయారు.

హోలీ ముందర ఒక మధ్యాహ్నం కాక భార్య నా దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ వచ్చిన మనిషి కాదు, అడుగుతూ అడుగుతూ వచ్చింది. స్టూలు చూపిస్తే కూర్చోలేదు. కొంగు ముడి పట్టుకుని నిలబడింది.

"ఆయన పోయినంక గిది గూడ పోయేటట్టున్నది సేటు. బొచ్చు కుచ్చులు కుచ్చులు ఊడుతున్నది. ఇల్లంత అదే. ఏదన్న మందియ్యి."

"తోలు ఎర్రగ ఉన్నదా? గోక్కుంటున్నదా?"

"లేదు. మంచిగనె తింటున్నది. గొంగడి కప్పితె మాత్రం ఉండనిస్తలేదు. ఇడిసిపారేస్తున్నది."

కొంగు ముడి విప్పి కౌంటర్ మీద పెట్టింది. గుప్పెడు బొచ్చు, తెల్లగా, పొడుగ్గా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపాను. వేళ్ళ మధ్య ఏదైనా ఉందా లేదా అన్నంత మెత్తగా ఉంది.

"చిన్నమ్మా, ఇది రోగం కాదు" అన్నాను. "ఊడాలంటే ముందు రావాలె గద. వచ్చింది. లోపలి మెత్తది వచ్చింది, గొంగడి కింద ఎవరికీ కనబడకుండ. ఎండలొస్తున్నయని ఇప్పుడు అదే వదులుతుంది. మందు వద్దు."

ఆమె కౌంటర్ మీది బొచ్చులోంచి కొంత లాగి, చూడకుండానే వేళ్ళతో మెలివేయసాగింది. జానెడు నూలు వచ్చింది. లాగి చూసింది. తెగలేదు.

కౌంటర్ కింద నుంచి దువ్వెన తీసి ఇచ్చాను. "కాక తెప్పియ్యమన్నడు, దసరాకు."

"గప్పుడేనా" అంది. పళ్ళను అరచేతి మీద గీసి చూసుకుంది, అచ్చం ఆయనలాగే. ఎంతసేపటికీ కొంగులో పెట్టుకోలేదు.

"ఆయన పోయిన దినం పొద్దుగాల గూడ గొంగడి కింద చెయ్యి పెట్టిండు సేటు. మస్తుసేపు తియ్యలె. తాకిందా అని అడిగిన. నా దిక్కు సూసిండు, ఏం చెప్పలె. లోపలికి వోయి ఒరిగిండు. గంతే." దువ్వెన మీంచి కళ్ళు ఎత్తి నన్ను చూసింది. "తాకిందంటవా?"

అప్పటికి అది ఎంత వచ్చిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"తాకింది చిన్నమ్మా" అన్నాను.

తల ఊపింది. బొచ్చూ, నూలూ, దువ్వెనా కొంగున ముడి వేసుకుని, రైలు టైమయిందని మెట్లు దిగి వెళ్ళింది. నేను షట్టరు సగం దించి, కోళ్ళ మందుల పెట్టె మీద కూర్చుని ఏడ్చాను.